లంకెబిందెలూ, గిడుగు పంతులుగారూ

మా పొందూరు ప్రాంతంలో పుట్టి పెరిగిన వాళ్ళకు రెండు సంగతులు ఊహ తెలిసినప్పటినుంచీ పరిచయం. ఒకటి వాలుగ చేప దవడతో పత్తి ఏకడం. రెండవది లంకెబిందెల కథ.

మొదటిది మా ఊరి పని. మా సన్న ఖద్దరుకు గాంధీగారి మెప్పు దొరికిందని పెద్దలు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. గింజతో ఉన్న పత్తిని ఆ చేప పళ్ళమీద మెల్లగా లాగితే, నలకా చెత్తా పళ్ళకు చిక్కుకుని మంచి పోగు ఇవతలికి వస్తుంది. అక్కడ తొందరపడితే పోగు తెగుతుంది. బద్ధకిస్తే నలక మిగిలి నూలు చెడుతుంది.

రెండవది మా ఊరి ఒక్కదానిదే కాదు, ఆంధ్రదేశం యావత్తుదీ. పాత గుడి ఉన్నా, మట్టిదిబ్బ ఉన్నా, ఆమదాలవలస దాటి పోతే కనిపించే దంతవరపుకోట వంటి పాత కోటగోడ ఉన్నా, దానికింద ఒకదానికొకటి గొలుసుతో కట్టిన బంగారపు బిందెలున్నాయని, పాము కాపలా కాస్తోందని, రాతిమీద ఉన్న వంకర అక్షరాలు ఆ నిధికి దారి చెబుతాయని కథలు పుడతాయి. వీటిని పిల్లలు విని నిద్రపోతారు. కొందరు పెద్దలు మాత్రం గునపాలు పుచ్చుకుని రాత్రిపూట బయల్దేరతారు. నంది మూపురం పగిలినా, లింగం పానవట్టంతో సహా పెకలిపోయినా వెనక ఉన్నది సాధారణంగా ఈ కథే.

మరి ఈ కథలను ఏకే దవడ ఏదైనా ఉన్నదా అంటే ఉన్నది. దాని పేరు చరిత్ర పరిశోధన. మన ఉత్తరాంధ్రలో దాన్ని తొలినాళ్ళలోనే చేతపట్టి, ఒంటరిగా నేర్చుకుని, వంశధార ఒడ్డున ఉన్న రాళ్ళచేత నిజం చెప్పించిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వాడుకభాషా ఉద్యమ నాయకుడిగా ఆయనను ఎరుగని తెలుగువాడు లేడు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అయితే ఆ సభల్లో అంతగా వినబడని మరో గిడుగువారు ఉన్నారు. ఆయన శాసనాలు చదివిన చరిత్ర మాస్టారు. ఈ వ్యాసం ఆయన గురించి.

రామమూర్తిగారు 1863లో శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార తీరాన ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, అదంతా గంజాం జిల్లా. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి ఉద్యోగం మీద చోడవరం వెళ్ళి, అక్కడ 1875లో జ్వరంతో కాలం చేశారు. అప్పటికి పిల్లవాడికి పన్నెండేళ్ళు. విజయనగరంలో మేనమామగారింట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువుకున్నాడు. గురజాడ అప్పారావుగారు అక్కడే సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయి, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ముప్పై రూపాయల జీతం మీద మాస్టారుగా చేరారు. ఇంటి బరువంతా ఆయన మీదే ఉండటంతో కాలేజీకి వెళ్ళి పైచదువులు చదివే వీలు లేకపోయింది. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో చరిత్ర ప్రధాన విషయంగా బి.ఏ. పూర్తిచేశారు.

ఆయన చెప్పే పాఠం చరిత్ర. పాఠ్యపుస్తకంలో ఢిల్లీ సుల్తానులు, ఇంగ్లండు రాజులు ఉన్నారు గాని, పక్కనే ప్రవహించే వంశధార గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఆ నది ఒడ్డునే ముఖలింగం ఉంది. అక్కడ మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు అని మూడు పాత గుళ్ళు, గుళ్ళ స్తంభాల మీదా గోడల మీదా కుప్పలు తెప్పలుగా రాతలు. ఊళ్ళో వాళ్ళకు ఆ లిపి రాదు. బడిలో చెప్పేవారు లేరు. మన మాస్టారు పాత లిపులను ఎవరి సాయమూ లేకుండా తనంతట తాను నేర్చుకున్నారు. స్తంభం ముందు నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివారు.

ఆయన లంకెబిందెల మీద పుస్తకమేదీ రాయలేదు. కాని ఆ రాతల్లో ఆయన చదివిందేమిటో తెలుసుకుంటే లంకెబిందెల కథ సంగతి దానంతటదే తేలిపోతుంది.

ఆ శాసనాల్లో బంగారం మాట ఉన్నదా? ఉన్నది. ఇక్కడే చాలామంది పొరబడతారు. రాతల్లో బంగారం ఉందన్న ఊరివాళ్ళ మాట ఒట్టి అబద్ధం కాదు. ముఖలింగం శాసనాల్లో చాలా భాగం దానశాసనాలు. ఫలానా శక సంవత్సరంలో, ఫలానా వారు, మధుకేశ్వరుడికి అఖండదీపం వెలిగించేందుకు ఇన్ని మాడలు ఇచ్చారని వాటి సారాంశం. మాడ అంటే ఆనాటి బంగారు నాణెం. ఆ నాణేలను గుడి వారో, దీపం బాధ్యత ఒప్పుకున్నవారో తీసుకుని, ఆచంద్రార్కం రోజుకు ఇంత నెయ్యి అని పోస్తూ రావాలి. అంటే ఆ బంగారం గుంటలో పూడ్చింది కాదు, పనిలో పెట్టింది. నెయ్యిగా మారి, వత్తి కొసన వెలుగై, రాత్రికి రాత్రి ఖర్చయిపోయింది. తవ్వితే దొరకడానికి అక్కడ ఏం మిగులుతుంది? మిగిలింది ఇచ్చినవారి పేరూ, తేదీ మాత్రమే. అవి రాతి మీద బయటే ఉన్నాయి. గునపం అక్కర్లేదు, చదవగలిగిన కన్ను చాలు.

రాగిరేకుల సంగతీ ఇంతే. పొలం దున్నుతుంటే రాగిరేకులు బయటపడితే నిధికి పటం దొరికిందనుకునేవాళ్ళు కొందరు, పాత రాగి కింద కంచరి కొట్టుకు అమ్మేసేవాళ్ళు కొందరు. నరసన్నపేట తాలూకా నడగాం రాగిరేకులను రామమూర్తిగారు చదివి, ప్రభుత్వ శాసనపత్రిక ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటంలో ప్రకటించారు. అది గాంగరాజు వజ్రహస్తుడు శక సంవత్సరం 979లో, అనగా క్రీ.శ. 1057 ప్రాంతంలో ఇచ్చిన దానపత్రం. ఈనాటి భాషలో చెప్పాలంటే రిజిస్టరు దస్తావేజు. నిధి దారి అందులో లేదు. అంతకన్నా విలువైనది ఉంది. వజ్రహస్తుడి పూర్వీకులెవరు, ఎవరు ఎన్నేళ్ళు ఏలారు, ఆయనకు పట్టాభిషేకం ఎప్పుడు జరిగింది అనే వరుస ఉంది. ఆ పట్టాభిషేకం శక సంవత్సరం 960, అంటే 1038. కళింగ చరిత్రకు తేదీల వెన్నెముక ఇటువంటి రేకుల వల్లనే ఏర్పడింది. కంచరి కొలిమిలో కరిగిన ఒక్కొక్క రేకుతో ఒక్కొక్క తరం చరిత్ర కరిగిపోయిందని దీన్నిబట్టి గ్రహించాలి.

ఇక రామమూర్తిగారికి పండితలోకంలో పేరు తెచ్చిన విషయానికి వద్దాం. తూర్పు గాంగరాజుల రాజధాని పేరు కళింగనగరం. అది ఎక్కడ ఉండేది? శాసన పరిశోధనలో దిట్ట అయిన ఫ్లీట్ దొర దాన్ని సముద్రపు ఒడ్డున ఉన్న కళింగపట్నమని భావించాడు. పేరులో పోలిక ఉండటం వల్ల ఆ మాట బాగా నప్పినట్టే కనిపించింది. పర్లాకిమిడి స్కూలు మాస్టారు ఒప్పుకోలేదు. ఊరి పేరు ఒకటిగా ఉన్నంత మాత్రాన ఊరు ఒకటి కాదు. ముఖలింగంలో గాంగుల శాసనాలు గుంపుగా ఉన్నాయి. వాటిలో కళింగనగరమూ మధుకేశ్వరుడూ కలిసి కనిపిస్తారు. పక్కనే నగరికటకం అనే ఊరు ఆ పాత నగరం పేరును ఇంకా మోస్తూనే ఉంది. చుట్టూ పాడుబడిన గుళ్ళూ కట్టడాలూ ఉన్నాయి. ఈ సాక్ష్యాలన్నిటినీ ఒకచోట చేర్చి, కళింగనగరం ముఖలింగమేనని ఆయన వాదించారు. ఆ నిర్ణయమే తర్వాత చరిత్రకారుల ఆమోదం పొందింది.

విద్యార్థి మిత్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. పల్లెటూరివాడు చెప్పే లంకెబిందెల కథ ఒక ఊహ. పెద్ద దొర చేసిన నిర్ణయం కూడా, పరీక్షకు నిలిచేదాకా, ఒక ఊహే. గిడుగువారు రెంటినీ ఒకే తక్కెడలో తూచారు. చెప్పినవాడి హోదా చూడలేదు, సాక్ష్యం చూశారు. ముప్పై రూపాయల జీతంతో మొదలుపెట్టిన మాస్టారుకు ఆ ధైర్యం ఇచ్చింది రాతిమీది అక్షరమే.

ముఖలింగం గురించి మన వైపు చెప్పుకునే స్థలపురాణం ఒకటుంది. ఒక సవర నాయకుడికి ఇద్దరు భార్యలట. ఇంటిదగ్గర ఇప్పచెట్టు ఉండేదట. శివభక్తురాలైన భార్య వంతుకు వచ్చిన కొమ్మనుంచి రాలిన పూలు బంగారు పూలు అయ్యేవట. రెండో ఆమె ఓర్వలేక తగవు పెట్టుకుంటే, నాయకుడు విసిగి చెట్టును నరికాడట. అప్పుడు శివుడు వెలిశాడట. ఇప్పచెట్టును సంస్కృతంలో మధూకం అంటారు గనుక దేవుడికి మధుకేశ్వరుడని పేరు వచ్చింది. ఈ కథ విని బంగారు పూలకోసం తవ్వేవాడు వెర్రివాడు. మూఢనమ్మకమని కొట్టిపారేసేవాడికీ ఒక సంగతి కంటబడదు. ఆ గుడి పుట్టుకలో కొండమీది సవరలకు చోటుందని ఈ కథ చెబుతోంది. సవరలు గుడికి ఎంత పాతవాళ్ళో, వాళ్ళ భాష ఎటువంటిదో ఎవరైనా విచారించారా?

విచారించింది మళ్ళీ రామమూర్తిగారే. సవరభాషా తెలుగూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కి వాళ్ళ గూడేలకు వెళ్ళారు. సొంత డబ్బుతో వాళ్ళ పిల్లలకు బళ్ళు పెట్టారు. కొండజ్వరం పట్టుకుంటే క్వినైను మింగి మింగి, చివరకు చెవులు వినికిడి కోల్పోయాయి. ఒక భాషను చెవితో పట్టుకున్న మనిషికి ఆ చెవే పోవడం ఎంత బాధాకరమో చెప్పనక్కరలేదు. అయినా ఆయన పని ఆపలేదు. 1931లో సవరభాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి.

1911లో ఉద్యోగం విరమించాక కూడా ఆయన కూర్చుని విశ్రాంతి తీసుకోలేదు. వ్యావహారిక భాషావాదం అప్పటికే మొదలైంది. పత్రికల్లో, సభల్లో పండితులతో హోరాహోరీ పోరాటం. ఇక్కడ కూడా ఆయన ఆయుధం అదే. శిష్టులు మాట్లాడే తెలుగు నిన్నగాక మొన్న చెడిపోయి పుట్టిందని ప్రతిపక్షం వారు అంటే, ఆయన శాసనాలు తీసి, పాత వచన గ్రంథాలు తీసి, ఈ రూపాలు వందల ఏళ్ళ కిందట కూడా ఉన్నాయని చూపించారు. గ్రాంథికం అనాదినుంచీ మార్పులేకుండా ఉన్నదనేది కూడా ఒక లంకెబిందెల కథే. దాన్నీ ఆయన ఏకారు.

1919లో వాడుకభాష కోసం తెలుగు అనే పేరుతో పత్రిక పెట్టారు. అదే ఏడు మరో పెద్ద పని జరిగింది. కళింగపట్నానికి కొద్ది దూరంలో, వంశధార దక్షిణపు ఒడ్డున, శాలిహుండం కొండమీద బౌద్ధ శిథిలాలు ఉన్నాయని ఆయన గుర్తించి లోకానికి తెలియజేశారు. అప్పటికి ఆయనకు యాభై ఆరేళ్ళు. ఆ తర్వాత పురావస్తు శాఖవారు పలుమార్లు, 1940లలోనూ 1950లలోనూ కూడా, అక్కడ తవ్వకాలు జరిపారు. ఇటుక స్తూపాలు, చైత్యాలు, బౌద్ధ దేవతల శిల్పాలు బయటపడ్డాయి.

ఆ ఊరి పేరుకు కొందరు శాలివాటిక అని, అంటే వడ్ల కొట్టు అని అర్థం చెప్పారు. మరికొందరు శల్యపేటిక అని, అంటే ఎముకల పెట్టె అని చెప్పారు. కొండలో ఏదో పెట్టె ఉన్నదని పేరే అంటున్నది. తవ్వితే నిజంగానే రాతి భరిణెలు దొరికాయి. వాటిలో స్ఫటికంతో చేసిన బుల్లి స్తూపాలు, వాటిలో చిన్న చిన్న బంగారు పూలు! బంగారు పూల కథ ముఖలింగంలో వింటే, బంగారు పూలు శాలిహుండంలో కనిపించాయి. ఈ రెంటికీ సంబంధం కట్టాలని నేననను. సాక్ష్యం లేకుండా అలా కడితే పంతులుగారి ఆత్మ ఒప్పుకోదు. కాని ఒక్కటి మాత్రం నిశ్చయం. ఆ పూలు తూకం వేస్తే దొంగకు ఒక పూట బత్తెం రాదు. అవే పూలు ఏ స్తూపంలో, ఏ పొరలో, ఏ భరిణెలో దొరికాయో రాసిపెట్టి తీస్తే, వంశధార ముఖద్వారంలో బౌద్ధం ఎంత ఘనంగా బతికిందో చెబుతాయి. రాత్రిపూట గునపంతో తీసి ఉంటే పూలూ పోయేవి, చరిత్రా పోయేది.

ఈ తేడాను ప్రపంచం కూడా దెబ్బతిని నేర్చుకుంది. జర్మను దేశస్థుడు ష్లీమన్ గ్రీకు ఇతిహాసాన్ని నమ్మి ట్రాయ్ నగరం కోసం తవ్వి, 1873లో బంగారు నగలు బయటికి తీశాడు. అది ప్రియాం రాజుగారి నిధి అని చాటాడు. తీరా పరిశీలిస్తే ఆ నగలు ఆ రాజు కాలమని చెప్పేదానికన్నా దాదాపు వెయ్యేళ్ళు పాతవి. తొందరలో పై పొరలను చీల్చుకుంటూ పోవడంవల్ల తాను వెతికిన కాలపు ఆనవాళ్ళనే కొంత పాడుచేశాడు.

మన దేశంలో 2013లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా దౌండియా ఖేడాలో ఒక సాధువు కలలో వెయ్యి టన్నుల బంగారం కనిపించిందంటే, ప్రభుత్వ శాఖే తవ్వకం మొదలుపెట్టింది. కుండపెంకులు, ఇటుక గోడలు తప్ప బంగారం రాలేదు. మన రాష్ట్రంలోనే కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో నిధికోసం తవ్వకాలు మొదలైతే ఎముకలు, ఇటుకలు దొరికాయి. మరోపక్క తిరువనంతపురం పద్మనాభస్వామి ఆలయ నేలమాళిగల్లో 2011లో అపారమైన సంపద కనిపించింది. అక్కడ మాత్రం గుడి కానుకల లెక్కలు తాటాకులమీద తరతరాలుగా రాసి ఉన్నాయి. నిధి నిజమైనచోట దాని లెక్క కూడా ఉండటం గమనించండి.

కనుక మన ఊళ్ళో ఎవరైనా లంకెబిందెల కథ చెబితే గిడుగువారి పద్ధతిలో నాలుగు ప్రశ్నలు వేయవచ్చు. ఈ మాట మొట్టమొదట ఎక్కడ నమోదైంది? రాత ఉంటే అది ఏ కాలపు లిపి, నిజంగా ఏమంటోంది? దాచాడంటున్న రాజు ఆ కాలంలో ఆ చోట ఉన్నాడా? దాచవలసిన అవసరం అతనికి వచ్చిందా? ముఖలింగం విషయమే చూడండి. గాంగులు ఏదో ఒక రాత్రి ప్రాణభయంతో పారిపోయినవారు కారు. అనంతవర్మ చోడగంగదేవుడి కాలంలో రాజ్యం ఉత్తరాన ఒడిస్సావైపు విస్తరించింది, పూరీలో జగన్నాథుడి పెద్ద గుడి లేచింది, తర్వాత రాజధాని కటకానికి మారింది. ఇల్లు మారేవాడు ఇనప్పెట్టె వదిలి వెళ్తాడా?

పంతులుగారి చివరి రోజులు తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. యాభై ఆరేళ్ళు బతుకు ధారపోసిన ఆ ఊరిని ఆయన వదిలేసి రాజమహేంద్రవరం చేరుకున్నారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. రావు సాహెబ్ బిరుదు మిగిలింది, వాడుకభాష గెలిచింది. మనం ఈనాడు ఈ సంచికను ఈ తెలుగులో అచ్చువేసుకోగలుగుతున్నామంటే అది ఆయన పెట్టిన భిక్ష.

ఇంతకూ మనం చేయవలసింది ఏమిటి? సేవాశిబిరాలకు పల్లెలకు వెళ్ళినప్పుడు గుడి గోడమీద రాత కనిపిస్తే సున్నం కొట్టకుండా చూడటం. ఫొటో తీసి ఊరి పేరూ తేదీ రాసి చరిత్ర శాఖకో, పురావస్తు శాఖకో పంపడం. భూమిలో పది రూపాయలకు మించిన విలువగల పాత వస్తువు దొరికితే కలెక్టరుగారికి తెలియజేయాలని 1878లోనే చట్టం వచ్చిందని ఊరివాళ్ళకు చెప్పడం. అన్నిటికన్నా ముందు, ఆ పాత లిపి మనలో ఒక్కరైనా నేర్చుకోవడం. గిడుగువారికి గురువు దొరకలేదు. మనకు పుస్తకాలున్నాయి, గురువులున్నారు, రైలూ బస్సూ ఉన్నాయి. పొందూరు నుంచి ముఖలింగం పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు.

నేను వెళ్ళి వచ్చాను. మధుకేశ్వరుడి గుళ్ళో స్తంభం మీద చెయ్యి పెడితే అక్షరాలు వేళ్ళకు తగిలాయి. చదవడం రాలేదు. తొమ్మిది వందల ఏళ్ళ కిందట దీపానికి బంగారం ఇచ్చిన ఎవరి పేరో నా చేతికింద ఉన్నదని మాత్రం తెలుసు. ఆ పేరు చదవగలిగే దాకా నాకు వచ్చిన చదువు సగమే అనిపించింది.